‘స్పాట్ ఉందా అక్కా?’: వారెన్స్‌బర్గ్ అద్దె ఇళ్ళ ప్రశ్నలు

ఈ నెల శీర్షిక మొత్తం ఒకే ఊరికి ఇచ్చేస్తున్నాను. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో వారెన్స్‌బర్గ్ అని ఒక చిన్న ఊరు, జనాభా 20 వేలకు అటూ ఇటూ. యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరి (యూసీఎం) ఉన్నది అక్కడే. అమీర్‌పేటలో యూసీఎం అంటే తెలియనివాళ్ళు ఉండరు, ఊరి పేరు చెబితే మాత్రం ‘అదెక్కడ?’ అంటారు. ఆగస్టు ఇంటేక్ దగ్గర పడేసరికి అద్దె, అడ్వాన్సు, రూమ్మేట్లు, స్పాట్ (అంటే కలిసి ఉండే ఇంట్లో ఒకరికి చోటు) గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ అక్కడికి బయల్దేరుతున్నవాళ్ళవీ, వాళ్ళ అమ్మానాన్నలవీ, ఇప్పటికే అక్కడ ఇరుక్కున్నవాళ్ళవీ. ఇంకో చిన్న ఊరికి వెళ్ళేవాళ్ళకు కూడా చాలావరకు పనికొస్తుంది, కాకపోతే చట్టం సంగతులు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానికే, అవి విడిగా చూసుకోండి.

అమ్మా, మా అబ్బాయికి ఆగస్టులో యూసీఎంలో ఎంఎస్ మొదలవుతుంది. వాట్సాప్ గ్రూపులో ఒకాయన డబుల్ బెడ్‌రూమ్ ఇంటి ఫొటోలు పెట్టాడు, అద్దె మిగతావాటికంటే చాలా తక్కువ. తాను ప్రస్తుతం వేరే దేశంలో ఉన్నానని, 600 డాలర్లు పంపిస్తే తాళాలు కొరియర్ చేస్తానని అంటున్నాడు. ఈలోపు ఎవరైనా తీసేసుకుంటారేమోనని ఇంట్లో టెన్షన్‌గా ఉంది. పంపించమంటారా? (ఒక తండ్రి, ఖమ్మం)

పంపకండి. ఓనర్ దేశంలో ఉండడు, ఇల్లు ఎవరూ చూపించరు, తాళాలు కొరియర్‌లో వస్తాయి, డబ్బు మాత్రం ఇప్పుడే కావాలి. ఈ నాలుగూ ఒకేచోట కనబడ్డాయంటే ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. ఫొటోలు నిజమే అయి ఉండొచ్చు, ఇల్లు కూడా నిజంగానే ఉండొచ్చు, అది ఆయనది కాదు, అంతే. ఎక్కడో అమ్మకానికి పెట్టిన ఇంటి ఫొటోలు తీసుకొచ్చి అద్దెకని పెడతారు. ఆ ఫొటోని గూగుల్‌లో వేసి వెతికితే చాలాసార్లు అసలు ఇల్లు ఏ ఊళ్ళో ఉందో బయటపడుతుంది. ఇంకో మార్గం, ఇల్లు ఎవరి పేరు మీద ఉందన్నది అక్కడ కౌంటీ (మన జిల్లాలాంటిది) రికార్డుల్లో ఉంటుంది, అది ఎవరైనా అడిగి తెలుసుకోగల విషయమే, వారెన్స్‌బర్గ్‌కైతే జాన్సన్ కౌంటీ. డబ్బు పంపే పద్ధతి కూడా గమనించండి. జెల్ (Zelle, ఫోన్లోంచే బ్యాంకు డబ్బు పంపే పద్ధతి)లో పంపమన్నా, గిఫ్ట్ కార్డు నంబర్లు చెప్పమన్నా ఆ డబ్బు మళ్ళీ మీ చేతికి రాదనే అనుకోవాలి.

అయితే మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. అసలు ఖమ్మంలో కూర్చుని ఏడాది లీజు మీద సంతకం పెట్టాల్సిన అవసరం ఏముంది? ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) మీద ఉన్న ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచి అబ్బాయి అమెరికాలో అడుగుపెట్టొచ్చు. రెండు వారాల ముందు వెళ్ళినా చాలు. ఆ రెండు వారాలకు సీనియర్ల దగ్గర టెంపరరీ అకామడేషన్ దొరుకుతుంది, మనవాళ్ళు ఈ విషయంలో నిజంగా మంచివాళ్ళు, హాల్లో ఒక పరుపు వేసి ఇస్తారు, రోజుకి ఇంత అని తీసుకుంటారు, కొందరు అదీ తీసుకోరు. అక్కడి నుంచి కాళ్ళతో నడిచి, కళ్ళతో చూసి ఇల్లు తీసుకోవడం వేరు. ఆ ధైర్యం లేకపోతే మొదటి సెమిస్టర్‌కి యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసుకే మెయిల్ పెట్టమనండి. బయటకంటే ఖరీదు అనిపించొచ్చు, కాని కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్, ఫర్నిచర్ అన్నీ కలిపి లెక్కేశాక తేడా ఎంతుందో చూసి అప్పుడు వద్దనుకోండి.

లేదు, ఇక్కడి నుంచే ఖాయం చేసుకుంటాం అంటారా, అప్పుడు లీజింగ్ ఆఫీసు ఉన్న అపార్ట్‌మెంట్లతోనే మాట్లాడండి, మెసేజ్‌లు కాదు, ఫోన్ చేయండి. వేసవిలో మనకీ వాళ్ళకీ పదిన్నర గంటల తేడా. అక్కడ పొద్దున 9కి ఆఫీసు తెరిస్తే మనకి రాత్రి ఏడున్నర, భోజనాల టైముకి ముందే పనైపోతుంది. ఖాళీగా ఉన్న అసలు ఇంటినే వీడియో కాల్‌లో చూపించమని అడగండి, మోడల్ ఫ్లాట్ కాదు. కొళాయి తిప్పి చూపించమనండి, కిటికీలోంచి బయటకి ఏం కనబడుతుందో చూపించమనండి. నిజమైన ఆఫీసువాళ్ళు విసుక్కుంటారేమో గానీ చూపిస్తారు.

ఇంకొక్క మాట, దీన్ని చాలామంది వదిలేస్తున్నారు. యూసీఎంకి లీస్ సమ్మిట్‌లో ఇంకో క్యాంపస్ ఉంది, వారెన్స్‌బర్గ్‌కి దాదాపు 40 మైళ్ళు, కాన్సాస్ సిటీ వైపు. మాస్టర్స్ క్లాసులు కొన్ని అక్కడ జరుగుతాయి. అబ్బాయి క్లాసులు ఏ క్యాంపస్‌లోనో డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా కనుక్కున్నాకే ఇంటి వేట మొదలుపెట్టండి. ‘మా కజిన్ వారెన్స్‌బర్గ్‌లోనే ఉండేవాడు’ అన్నది జవాబు కాదు.

అక్కా, మేం నలుగురం కలిసి డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నాం, లీజు ఆగస్టు నుంచి ఏడాదికి. ఇప్పుడు ఒకడు జనవరిలో వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయిపోతానంటున్నాడు. తన వాటా ఆపేస్తే మేం ఎందుకు కట్టాలి? మేనేజ్‌మెంట్ వాడినే అడగాలి కదా? (ఒక విద్యార్థి, సొంతూరు భీమవరం)

తమ్ముడూ, లీజు తీసి చదువు. ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అన్న మాటలు కనబడతాయా? కనబడితే దాని అర్థం, అద్దె మొత్తానికి నలుగురూ బాధ్యులే, ఏ ఒక్కరూ మొత్తానికి బాధ్యులే. మేనేజ్‌మెంట్‌కి మీ నలుగురి మధ్య వాటాలతో పని లేదు. అద్దె 1,000 డాలర్లు అయితే వాళ్ళకి ఒకటో తారీఖున 1,000 రావాలి. 750 వస్తే అది ముగ్గురి అద్దె కాదు, బాకీ పడ్డ అద్దె. లేట్ ఫీజు మీ అందరి మీదా పడుతుంది, నోటీసు వస్తే నలుగురి పేర్ల మీదా వస్తుంది.

ఒకవేళ మీది పెద్ద స్టూడెంట్ అపార్ట్‌మెంట్లలో ఇచ్చే బెడ్ లెక్క లీజు అయితే కథ వేరు, ఎవరి మంచానికి వాళ్ళే సంతకం పెడతారు, వాడు వెళ్ళిపోతే ఆ మంచం అద్దె వాడి నెత్తి మీదే ఉంటుంది. చూడ్డానికి ఒక 50, 60 డాలర్లు ఎక్కువ అనిపించినా, ఒకరికొకరు కొత్తవాళ్ళు అయినప్పుడు నేను ఇదే తీసుకోమంటాను. మన పిల్లలు నలుగురూ గ్రూపులో పరిచయమై, ఒకరి మొహం ఒకరు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మొదటిసారి చూసుకుని, నెల తిరక్కుండా ఒకరి బాకీకి ఒకరు పూచీ పడుతున్నారు. ఊళ్ళో తెలిసినవాడికి చిట్టీ జామీను పెట్టమన్నా వంద ఆలోచించే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే.

ఇక ఇప్పుడేం చేయాలి? వాడిని తిట్టి లాభం లేదు, మొదటి సెమిస్టర్ అయ్యాక ట్రాన్స్‌ఫర్ అన్నది మనవాళ్ళలో మామూలే, వాడి కారణాలు వాడికి ఉంటాయి. జనవరిలో స్ప్రింగ్ ఇంటేక్ వస్తుంది, కొత్తగా దిగినవాళ్ళకి మధ్యలో ఖాళీ స్పాట్ దొరకడమే అదృష్టం. కాబట్టి తన బదులు మనిషిని తెచ్చే బాధ్యత వాడిదేనని ఇప్పుడే తేల్చుకోండి, వెతకడానికి మీరూ సాయం చేయండి. కాని కొత్తవాడు బ్యాగు పట్టుకుని వచ్చేసి పరుపేసుకుంటే సరిపోదు. రెండేళ్ళకు మించని లీజుల్లో, ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇల్లు ఇంకొకరికి అప్పగించకూడదని మిస్సోరి చట్టమే చెబుతోంది. ఆఫీసుకి వెళ్ళి పాత పేరు తీసేసి కొత్త పేరు చేర్చే కాగితం అడగండి, ఫీజు ఏదైనా ఉంటే అది వెళ్ళేవాడు కట్టుకోవాలి. అడ్వాన్సులో వాడి వాటా కొత్తవాడు వాడికి ఇస్తాడు, ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో మెయిల్‌లో రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఇల్లు ఖాళీ చేసే రోజున గోడకి రంధ్రం ఎవరు చేశారన్న గొడవలో ఆ మెయిలే అక్కరకొస్తుంది.

కొత్తవాడి పేరు ఎక్కించినా పాతవాడి పేరు తీయకపోతే వాడు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉండి కూడా మీ ఇంటికి బాధ్యుడే. ఈ సంగతి చెప్పు, పేపర్ వర్క్‌కి వాడే పరిగెత్తుకొస్తాడు.

అక్కా, ఒక ఇంటి బేస్‌మెంట్‌లో గది చాలా చవగ్గా ఉంది. ఓనర్ పెద్దావిడ, పైన ఆవిడే ఉంటారు, మంచివారిలాగే ఉన్నారు. అమ్మాయిని, ఒక్కదాన్నే ఉండాలి. తీసుకోవచ్చా? (వరంగల్ నుంచి)

పెద్దావిడ గురించి నాకేం అనుమానం లేదు, కిటికీ గురించే అనుమానం. నేల కింద గదిలో పడుకోవాలంటే మంటలొస్తే బయటపడే కిటికీ ఉండాలి. అమెరికాలో చాలా ఊళ్ళు పాటించే ఇళ్ళ నిర్మాణ నియమావళి ప్రకారం ఆ కిటికీ తెరిస్తే 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి, కిటికీ అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాల కంటే ఎత్తులో ఉండకూడదు. పాత ఇళ్ళలో బేస్‌మెంట్ కిటికీలు గూట్లో దీపం పెట్టుకునేంత ఉంటాయి, వాటిలోంచి పిల్లి వెళ్తుంది, నువ్వు వెళ్ళలేవు. టేపు తీసుకెళ్ళి కొలువు, సిగ్గుపడొద్దు. కిటికీని నీ చేత్తో తెరిచి చూడు, కొన్నిటికి రంగులు వేసీ వేసీ బిగుసుకుపోయి ఉంటాయి. నియమం ఆ ఇంటికి వర్తిస్తుందా లేదా అన్న వాదన పెట్టుకోకు, ఇంటి వయసు ఎంతైనా పొగ అదే పొగ.

ఫర్నేస్ (ఇంటిని వెచ్చగా ఉంచే యంత్రం), వాటర్ హీటర్ కూడా తరచుగా బేస్‌మెంట్‌లోనే ఉంటాయి. గ్యాసువి అయితే కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం ఉండాలి, లేకపోతే ఒకటి కొని పెట్టుకో, పెద్ద ఖరీదు కాదు. గదికి లోపలి గడియ, బయటికి వేరే దారి ఉన్నాయా చూడు. ఇవన్నీ ఉంటే, నిజం చెప్పాలంటే, మిస్సోరిలో టోర్నడో సైరన్ మోగినప్పుడు ఊరంతా దిగేది బేస్‌మెంట్‌లోకే, నువ్వు అప్పటికే అక్కడ ఉంటావు. ఆవిడ మంచావిడే అయినా కాగితం మాత్రం రాయించుకో, అద్దె ఎంత, కరెంటు అందులో కలిసిందా, వంటగది వాడుకోవచ్చా, ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయాలి.

సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఎస్‌ఎస్‌ఎన్, అమెరికా ప్రభుత్వం ఇచ్చే నంబర్) లేకుండా అప్లికేషన్ ముందుకెళ్ళదంటున్నారు. క్యాంపస్ జాబ్ వస్తేనే ఆ నంబర్, ఇల్లు ఉంటేనే క్యాంపస్‌కి వెళ్ళగలను. ఏం చేయాలి? (గుంటూరు)

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవాళ్ళందరూ ఈ గుమ్మం దగ్గర ఒకసారి ఆగేవాళ్ళే. వెబ్‌సైట్ ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకి పోదు, నిజమే, అందుకని తొమ్మిది సున్నాలు కొట్టకు, వేరేవాళ్ళ నంబర్ అసలే కొట్టకు. ఆఫీసుకి ఫోన్ చేసి ‘నేను ఇంటర్నేషనల్ స్టూడెంట్‌ని, నాకు ఎస్‌ఎస్‌ఎన్ లేదు, మీ పద్ధతేంటి?’ అని అడుగు. కాలేజీ ఊళ్ళో ఈ మాట వాళ్ళు రోజూ వింటారు. పాస్‌పోర్టు, ఐ-20, బ్యాంకు స్టేట్‌మెంట్ లేదా లోన్ శాంక్షన్ లెటర్ చూపిస్తే కొందరు ఒప్పుకుంటారు, కొందరు అడ్వాన్సు పెంచుతారు, ఇంకొందరు అమెరికాలో ఉన్నవాళ్ళెవరైనా పూచీ సంతకం పెట్టాలంటారు. డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకుని అడిగే ముందు అది ఉత్తి సంతకం కాదనీ, నువ్వు కట్టకపోతే ఆయన కట్టాలనీ ఆయనకి చెప్పి అడుగు.

మిస్సోరిలో సెక్యూరిటీ డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు. నెల అద్దె 700 అయితే 1,400 దాకా, అంతే. అంతకంటే ఎక్కువ అడిగి ‘ఇది ముందస్తు అద్దె’ అంటే, రసీదు మీద ఏ నెలల అద్దె అన్నది స్పష్టంగా రాయించుకో.

నీ దేశం చూసి ఇల్లు ఇవ్వనంటే అది 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టానికి విరుద్ధం. కాని అందరినీ అడిగినట్టే నిన్నూ క్రెడిట్ హిస్టరీ (అప్పులు, బిల్లులు కట్టిన చరిత్ర) అడగడం వివక్ష కాదు, అది వేరు ఇది వేరు. ‘ఓన్లీ వెజ్, ఓన్లీ మావాళ్ళు’ అని గ్రూపుల్లో పోస్టులు పెట్టే మనవాళ్ళు ఈ చట్టం గురించి మాట్లాడటం మాత్రం నాకు నవ్వొస్తుంది.

మా పాపకి పప్పు, చారు లేకపోతే ముద్ద దిగదు. అక్కడ అపార్ట్‌మెంట్లలో వంట చేసుకోనిస్తారా? పోపు వాసనకి కంప్లైంట్ చేస్తారని విన్నాం. కుక్కర్ పంపొచ్చా? (ఒక అమ్మ, ఒంగోలు)

చేసుకోనిస్తారమ్మా, కుక్కర్ నిక్షేపంగా పంపండి, చిన్నది చాలు. పోపుతో వచ్చే చిక్కు వాసన ఒక్కటే కాదు, పొగ కూడా. చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీద ఉండే ఫ్యాను పొగని బయటికి పంపదు, జల్లెడలోంచి లాగి మళ్ళీ గదిలోకే వదులుతుంది. ఎండుమిరపకాయ మాడిందంటే స్మోక్ అలారం కూస్తుంది. కొందరు పిల్లలు దానికి ప్లాస్టిక్ కవరు కట్టేస్తారు, బ్యాటరీ పీకేస్తారు, పాపకి అది మాత్రం చేయొద్దని గట్టిగా చెప్పండి, ప్రాణానికీ చేటు, లీజు ప్రకారం తప్పు కూడా. ఇల్లు చూసేటప్పుడే స్టవ్ ఫ్యాను వేసి, గాలి ఎటు పోతోందో చూడమనండి. వంటగదిలో తెరుచుకునే కిటికీ ఉన్న ఇల్లు దొరికితే పది డాలర్లు ఎక్కువైనా తీసుకోవచ్చు. లేకపోతే మంట తగ్గించి, మూత దగ్గర పెట్టుకుని పోపు వేసుకోవడం నేర్చుకుంటుంది, అందరూ నేర్చుకున్నవాళ్ళే.

పొయ్యి ఎక్కువచోట్ల కరెంటుదే. పైన అద్దం పలకలా ఉంటే అడుగు గుండ్రంగా ఉండే మన మూకుడు నిలబడదు, అడుగు చదునుగా ఉన్న గిన్నెలు పంపండి. అసలు డబ్బు పోయేది పసుపు దగ్గర. వంటగది గట్టు చాలాచోట్ల రాయి కాదు, పైన అతికించిన రేకులాంటిది, దాని మీద పసుపు, ఊరగాయ నూనె పడి ఆరితే మరక పోదు, ఖాళీ చేసేటప్పుడు అది అడ్వాన్సులోంచి కోస్తారు. గట్టు మీద వెడల్పాటి ప్లాస్టిక్ షీటు పరుచుకోమనండి. పొయ్యి వెనక గోడకి అల్యూమినియం ఫాయిల్ అతికించుకునే మన పిల్లలని చూసి నవ్వుతారు గానీ, ఆ తెలివి మెచ్చుకోదగ్గదే.

జులైలో ఇల్లు ఖాళీ చేశాం. నెలన్నర అయింది, అడ్వాన్సు రాలేదు. ఫోన్ చేస్తే ‘కార్పెట్ డ్యామేజ్’ అంటున్నారు, ఎంతో చెప్పరు. వదిలేయమంటున్నారు ఫ్రెండ్స్. (పేరు వద్దు అక్కా, నిజామాబాద్)

వదిలేయకు. మిస్సోరి చట్టం దీని మీద చాలా సూటిగా ఉంది. ఖాళీ చేసిన 30 రోజుల్లోపు ఓనర్ మొత్తం తిరిగి ఇవ్వాలి, లేదా దేనికి ఎంత కోశారో వివరంగా లిస్టు రాసి మిగతాది ఇవ్వాలి. ‘కార్పెట్ డ్యామేజ్’ అని ఫోన్లో చెప్పిన రెండు ముక్కలు లిస్టు కావు. మామూలుగా నడిస్తే అరిగిన కార్పెట్‌కి డబ్బు కోయకూడదు, కాల్చినదానికి, చింపినదానికి కోయొచ్చు. ఖాళీ అయిన ఇంటిని తనిఖీ చేసే తేదీ, టైము కూడా ముందే మీకు తెలియజేయాలి, అప్పుడు మీరు అక్కడ ఉండే హక్కు ఉంది. అన్యాయంగా ఆపినట్టు తేలితే, ఆపిన దానికి రెట్టింపు దాకా కోర్టు ఇప్పించగలదు.

ముందు ఒక ఉత్తరం రాయి, మెయిల్‌తో పాటు పోస్టులో కూడా, రసీదు వచ్చే సర్టిఫైడ్ పోస్టు. ఏ తేదీన ఖాళీ చేశాం, ఎంత డిపాజిట్ కట్టాం, 30 రోజులు ఎప్పుడు దాటాయి, ఫలానా తేదీలోగా ఇవ్వకపోతే స్మాల్ క్లెయిమ్స్‌కి (చిన్న మొత్తాల దావాల కోర్టుకి) వెళ్తాం. కోపం మాటలు వద్దు, చట్టం పేరు ఒక్కసారి రాస్తే చాలు. కొత్త అడ్రసు తప్పకుండా రాయి, చెక్కు పాత ఇంటికే పోస్టయి తిరిగి వెళ్ళిపోయిన సందర్భాలూ ఉంటాయి. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. తేలకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో 5,000 డాలర్ల దాకా లాయర్ లేకుండానే వేసుకోవచ్చు. వారెన్స్‌బర్గ్ కౌంటీ కేంద్రమే కాబట్టి కోర్టు ఊళ్ళోనే. ఆ కోర్టు ముందు ఒక కుక్క విగ్రహం ఉంటుంది, పేరు ఓల్డ్ డ్రమ్. దాన్ని కాల్చి చంపించాడని పక్కింటి బంధువు మీద ఒకాయన దావా వేస్తే 1870లో ఆ ఊళ్ళోనే విచారణ జరిగింది, కుక్క యజమానే గెలిచాడు. ఒక వేటకుక్క కోసం కోర్టులెక్కిన ఊరు అది, అడ్వాన్సు కోసం ఎక్కితే ఎవరూ వింతగా చూడరు.

దిగబోయేవాళ్ళకి ఒక మాట. ఇంట్లో చేరిన మొదటి రోజే, పెట్టెలు విప్పకముందే, ప్రతి గదీ ఫోన్లో వీడియో తీసి ఆ రోజే ఆఫీసుకి మెయిల్ చేయండి. ఫోన్లో దాచుకుంటే కాదు, వాళ్ళకి పంపితేనే తేదీకి విలువ. ఆఖరి నెల అద్దె కట్టకుండా ‘అడ్వాన్సులో సర్దుకోండి’ అనడం మన ఊళ్ళలో చెల్లుతుందేమో, మిస్సోరిలో చట్టం ఒప్పుకోదు.

డబుల్ బెడ్‌రూమ్‌లో ఆరుగురం ఉంటే తలా కొంచెమే పడుతుంది కదా, లీజులో ఇద్దరి పేర్లు చాలవా? (కర్నూలు)

చాలవు. లీజు బయట ఉన్న నలుగురికీ ఆ ఇంట్లో ఏ హక్కూ లేదు, లీజు లోపల ఉన్న ఇద్దరికీ అందరి తప్పులూ చుట్టుకుంటాయి. ఒక ఇంట్లో బంధుత్వం లేనివాళ్ళు ఎంతమంది ఉండొచ్చన్న దాని మీద చాలా కాలేజీ ఊళ్ళలో నిబంధనలు ఉంటాయి, ఇదేదో మనవాళ్ళ మీద కక్షతో పెట్టింది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలాండ్ మీద బెల్ టెర్ అనే చిన్న ఊళ్ళో స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ విద్యార్థులు ఆరుగురు ఒక ఇల్లు తీసుకుంటే, బంధుత్వం లేనివాళ్ళు ఇద్దరికి మించి ఉండకూడదని ఊరివాళ్ళు అడ్డం పడ్డారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1974లో ఊరివాళ్ళే గెలిచారు. మీ ఊళ్ళో అంకె ఎంతో సిటీ హాల్‌కి ఫోన్ చేస్తే చెబుతారు, మీ లీజులో ఎంతో లీజులోనే ఉంటుంది, రెండిట్లో ఏది తక్కువైతే అది మీకు వర్తిస్తుంది.

కారు లేకపోతే ఎంత దూరంలో ఇల్లు తీసుకోవచ్చు? క్యాంపస్‌కి దూరంగా అద్దె బాగా తక్కువ ఉంది. (విజయనగరం)

నడిచి పావుగంట. అంతకంటే దూరం నేను చెప్పను. మ్యాప్‌లో ‘1.8 మైళ్ళు’ అని ముచ్చటగా ఉంటుంది. జనవరిలో సున్నాకి కింద చలి, రోడ్డు పక్కన కాలిబాట మధ్యలో ఆగిపోయి ఉంటుంది, సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది, లైబ్రరీలో క్యాంపస్ జాబ్ రాత్రి పదింటికి అయిపోతుంది. అప్పుడు ఉబర్ వెతికితే చిన్న ఊళ్ళో ఒక్కోసారి బండే ఉండదు. అద్దెలో మిగిలింది అక్కడే పోతుంది, లేదా కారు కొనాల్సొస్తుంది, ఇన్సూరెన్స్ కట్టాల్సొస్తుంది. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ జాబ్ వారానికి 20 గంటలకు మించకూడదు కాబట్టి ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద వేసుకో, బయట దొంగచాటుగా చేద్దాం అన్న ఆలోచన ఉంటే వీసా గుర్తు తెచ్చుకో.

సరుకులకి వారానికొకసారి సీనియర్ల కార్లో వెళ్ళొచ్చు, పెట్రోలుకి నీ వంతు నువ్వే ముందుగా ఇచ్చేయి, అడిగించుకోకు. కాన్సాస్ సిటీకి, సెయింట్ లూయిస్‌కి ఆమ్‌ట్రాక్ రైలు ఊళ్ళోనే ఆగుతుంది, అది మంచి సదుపాయం, పట్టాల పక్కనే ఇల్లు తీసుకుంటే మాత్రం గూడ్స్ బండ్ల చప్పుడు కూడా అద్దెలో కలిపే ఇస్తారు. కాన్సాస్ సిటీ ఎయిర్‌పోర్టు ఊరికి 70 మైళ్ళ పైనే, పికప్ సంగతి విమానం ఎక్కకముందే మాట్లాడుకో.

ఇంకోటి, ఊరికి దగ్గర్లో వైట్‌మన్ ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉంది, బీ-2 బాంబర్ల స్థావరం. అక్కడ పనిచేసేవాళ్ళు కూడా వారెన్స్‌బర్గ్‌లో ఇళ్ళు అద్దెకు తీసుకుంటారు, వేసవిలో బదిలీలు అయ్యేదీ వాళ్ళకే. ఊరు చిన్నది కదా, ఆగస్టులో దిగాక చూసుకుందాం అనుకుంటే నడక దూరంలో ఉన్నవి అప్పటికే అయిపోయి ఉంటాయి. టెంపరరీలో దిగి చూసుకోండి అని పైన ఖమ్మం ఆయనకి చెప్పాను కదా, అది ఇల్లు చూడకుండా సంతకం పెట్టొద్దని, వెతకడం ఆపేయమని కాదు. మే, జూన్ నుంచే ఆఫీసులకి ఫోన్లు చేసి లిస్టు రాసుకో, దిగగానే ఆ లిస్టు పట్టుకుని తిరుగు.

లీజు జులై 31కి అయిపోతుంది, కొత్త ఇల్లు ఆగస్టు 15కి ఇస్తారట. ఈ మధ్యలో సామాను, మేం ఎక్కడ? (అక్కడి నుంచే, ఇద్దరు అమ్మాయిలు)

కాలేజీ ఊళ్ళలో ఇది ప్రతి ఏడాదీ వచ్చేదే, ఆ రెండు వారాల్లోనే వాళ్ళు రంగులు వేసి, కార్పెట్లు కడిగిస్తారు. కొత్త ఆఫీసుని ముందే చేరనిస్తారా అడగండి, రోజు లెక్కన అద్దె తీసుకుని ఇచ్చేవాళ్ళున్నారు. లేకపోతే స్టోరేజ్ గది ఒకటి ముగ్గురు నలుగురు కలిసి నెలకి తీసుకోండి, జులై మొదట్లోనే బుక్ చేయండి, ఆఖర్లో దొరకదు. మీరు ఫ్రెండ్స్ దగ్గర సర్దుకోవచ్చు, వాళ్ళ లీజులో అతిథులు ఎన్ని రోజులు ఉండొచ్చో చూసుకోండి. కరెంటు పాత ఇంట్లో ఆపించి కొత్త ఇంట్లో మొదలుపెట్టించడం మర్చిపోతే పాత ఇంట్లో కొత్తగా చేరినవాళ్ళ ఏసీ బిల్లు మీకొస్తుంది. కొత్త ఇంట్లో చేరిన 10 రోజుల్లోపు అడ్రసు మారిందని ఇంటర్నేషనల్ ఆఫీసుకి తెలియజేయాలి, ఇది వీసా నియమం, ‘తర్వాత చూద్దాం’ అని పక్కన పెట్టేది కాదు.